‘ఆ మాట నిజమని తీసుకోవద్దు’ అని జడ్జి చెప్పినప్పుడు జ్యూరీ ఏం చేయాలి?

మీ ప్రశ్నలో చట్టం గురించిన సందేహం ఒకటి, మనసుకు పట్టుకున్న దిగులు ఒకటి ఉన్నాయి. రెండింటికీ జవాబు చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కొత్తగా చదివేవాళ్ల కోసం మీరు చెప్పింది క్లుప్తంగా: మీకు అమెరికా పౌరసత్వం వచ్చిన రెండేళ్లకు జ్యూరీ డ్యూటీ పడింది. డ్రగ్స్ కేసు. గ్యాస్ స్టేషన్ దగ్గర ముద్దాయిని పట్టుకున్నారు. జాకెట్ జేబులో పదకొండు చిన్న పొట్లాలు, కొంత నగదు దొరికాయి. అమ్ముతుండగా కళ్లతో చూసినవాళ్లు లేరు. బోనులో పోలీసు ఆఫీసర్ “ఎర్ర జాకెట్ వేసుకున్న మనిషి ఇక్కడ సరుకు అమ్ముతున్నాడని ఎవరో ఫోన్ చేసి చెప్పారు” అన్నాడు. డిఫెన్స్ లాయర్ అభ్యంతరం చెప్పాడు. జడ్జి మీవైపు తిరిగి, “పోలీసులు అక్కడికి ఎందుకు వెళ్లారో తెలుసుకోవడానికి మాత్రమే ఈ మాట వినండి, అందులో చెప్పింది నిజమని తీసుకోవద్దు” అన్నారు. తర్వాత జ్యూరీ గదిలో ఒకాయన “ఫోన్ చేసినవాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?” అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, మీరు కూడా. సరుకు దగ్గర పెట్టుకోవడమే కాదు, అమ్మే ఉద్దేశం కూడా ఉందని తేల్చి శిక్షకు దారి తీసే తీర్పు ఇచ్చారు. ఇప్పుడు మీకు నిద్ర పట్టడం లేదు. విన్న మాట విననట్టు ఉండడం మనిషికి సాధ్యమేనా, మేం తప్పు చేశామా అని అడుగుతున్నారు.

నేను రాజమండ్రి కోర్టులో నాలుగేళ్లు జూనియర్‌గా చేసి, ఇక్కడికి వచ్చాక బార్ పరీక్ష రాసి, ఇరవై ఏళ్లుగా క్రిమినల్ కేసుల్లో డిఫెన్స్ వైపు పనిచేస్తున్నాను. నా చూపు ముద్దాయి కుర్చీ పక్క నుంచి ఉంటుంది. అది మనసులో పెట్టుకుని చదవండి.

మొదటగా ఒక చిన్న దిద్దుబాటు. జడ్జి మిమ్మల్ని ఆ మాట మర్చిపొమ్మనలేదు. మర్చిపొమ్మనే సూచన వేరే ఉంది. రాకూడని మాట వచ్చేస్తే రికార్డు నుంచి కొట్టేసి, “దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు” అంటారు. మీకు ఇచ్చింది లిమిటింగ్ ఇన్‌స్ట్రక్షన్. మాట ఉంటుంది, వాడుకోవచ్చు, కానీ ఒక్క పనికే. పూజకు తెచ్చిన కొబ్బరికాయను వంటకు వాడొద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినట్టే. కాయ కళ్ల ముందే ఉంటుంది, అది దేనికి తెచ్చామన్నదే గుర్తుపెట్టుకోవాలి.

ఇది ఎందుకు అవసరమైందో తెలియాలంటే వినికిడి సాక్ష్యం అంటే ఏమిటో సరిగ్గా తెలియాలి. చాలామంది లాయర్లే దీన్ని “ఎవరో చెప్పింది చెప్పడం” అని సరిపెట్టేస్తారు. అది సగమే. కోర్టు బయట ఒకరు అన్న మాటను, ఆ మాటలో ఉన్న విషయం నిజమని రుజువు చేయడానికి తెస్తేనే అది వినికిడి. చివరి ముక్కలోనే మొత్తం సంగతి ఉంది.

మనం చిన్నప్పటి నుంచి విన్న ద్రోణుడి కథే తీసుకోండి. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపాడు. ధర్మరాజు “అశ్వత్థామ హతః” అని గట్టిగా అని, “కుంజరః” అని మెల్లగా అన్నాడు. కొడుకు పోయాడనుకుని ద్రోణుడు అస్త్రాలు వదిలేశాడు. ఇప్పుడు రెండు విచారణలు ఊహించుకోండి. “ద్రోణుడు అస్త్రాలు ఎందుకు వదిలాడు?” అన్నది ప్రశ్న అయితే, పక్కనున్న రథసారథి ఎవరైనా వచ్చి ధర్మరాజు అన్న మాట చెప్పొచ్చు. అశ్వత్థామ బతికున్నా చచ్చినా ఆ మాట ద్రోణుడి చెవిన పడటమే అక్కడ కావాలి. అది వినికిడి కాదు. కానీ “ద్రోణుడి కొడుకు చనిపోయాడా?” అన్నది ప్రశ్న అయితే, అదే సారథి అదే మాట చెబితే అది అచ్చమైన వినికిడి. ఎందుకు రానివ్వకూడదో కూడా ఆ కథలోనే ఉంది. ధర్మరాజును బోనెక్కించి “ఏ అశ్వత్థామ?” అని ఒక్క ప్రశ్న వేస్తే విషయం తేలిపోతుంది. సారథిని ఎదురు ప్రశ్నలతో ఎంత నిలదీసినా తేలదు. ఆయన విన్నది నిజాయితీగానే చెబుతున్నాడు. లోపం ఉన్నది బోనులో లేని మనిషి మాటలో.

మీ కేసులో ఆ ఫోన్ చేసిన మనిషి బోనులోకి రాలేదు. ఆయనకు ముద్దాయితో పాత గొడవ ఉందా, ఎంత దూరం నుంచి చూశాడు, అసలు చూశాడా, వేరేవాళ్లు అనగా విన్నాడా, ఒక్క ప్రశ్న కూడా ఎవరూ వేయలేకపోయారు. అందుకే “అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?” అన్న ప్రశ్న జ్యూరీ గదిలో వేయకూడని ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని మీ ముందుకు తేలేదు.

అలాగని ఈ సూచనలన్నీ ఉత్త మాటలేనని నేను అనను. మాటను వేరే పనికి వాడటం నిజంగానే అవసరమయ్యే కేసులు బోలెడు. బ్రేకులు పడక కారు మనిషిని గుద్ది చంపిన కేసు అనుకోండి. ప్రమాదానికి వారం ముందు మెకానిక్ “బ్రేకులు అరిగిపోయాయి, నడపొద్దు” అని ఓనర్‌కు చెప్పాడు. ఓనర్‌కు ముందే తెలుసని చూపడానికి ఆ మాట కావాలి. బ్రేకులు నిజంగా అరిగాయా లేదా అన్నది బండిని పరీక్షించినవాళ్లు వచ్చి విడిగా చెబుతారు. జ్యూరీకి రెండు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తాయి, కలగాపులగం కావు.

నా సొంత అనుభవం ఒకటి. నా క్లయింట్ మీద కాల్పుల కేసు. ఆత్మరక్షణ మా వాదన. గొడవకు గంట ముందు వరసకు తమ్ముడయ్యే కుర్రాడు ఫోన్ చేసి, “వాడి దగ్గర గన్ ఉంది, నీకోసం తిరుగుతున్నాడు” అని చెప్పాడు. తీరా చూస్తే అవతలి మనిషి చేతిలో ఉన్నది సెల్‌ఫోన్. గన్ లేదు. తమ్ముడి మాట తప్పని తేలింది. అయినా నాకు ఆ మాట కావాలి, ఎందుకంటే నా క్లయింట్ భయం అక్కడి నుంచి పుట్టింది. ప్రాసిక్యూటర్ లిమిటింగ్ ఇన్‌స్ట్రక్షన్ అడిగాడు, జడ్జి ఇచ్చారు, నేను అభ్యంతరం చెప్పలేదు. అక్కడ ఆ సూచన సరిగ్గా పనిచేసింది. మాట అబద్ధమని అందరికీ తెలిసి కూడా అది భయానికి కారణమైందని జ్యూరీ అర్థం చేసుకుంది.

ఇబ్బంది వచ్చేది వేరే రకం కేసుల్లో. పైకి చెప్పే కారణం చిన్నది, లోపల జరిగే నష్టం పెద్దది అయినప్పుడు. మీ కేసు సరిగ్గా ఇదే. పోలీసులు ఆ గ్యాస్ స్టేషన్‌కు ఎందుకు వెళ్లారన్నది అక్కడ తగాదాలో ఉన్న విషయమే కాదు. ఎవరైనా “ఎందుకు వెళ్లారు?” అని నిలదీశారా? లేదు. మన పేపర్లలో, మన ఎఫ్‌ఐఆర్‌లలో రాసే “నమ్మదగిన సమాచారం మేరకు” అన్న ఒక్క ముక్క చెబితే కథ నడిచిపోతుంది. “సమాచారం అందింది, వెళ్లాం.” అంతే. “ఎర్ర జాకెట్”, “అమ్ముతున్నాడు” అన్న వివరాలు లోపలికి వచ్చాయంటే అవి వేరే పని చేయడానికే వచ్చాయి. అందులోనూ మీ కేసులో ‘అమ్మకం’ ఒక్కటే అసలు తగాదా. పొట్లాలు జేబులో ఉన్నాయని ముద్దాయి లాయరు కూడా కాదనలేకపోయాడు. సొంతానికా, అమ్మడానికా అన్న దగ్గరే కేసు ఆగింది. ఆ ఖాళీని సరిగ్గా నింపే క్రియ ఆ ఫోన్‌లో ఉంది. నేను ఆ కోర్టులో ఉండి ఉంటే సూచన అడగడంతో ఊరుకునేవాణ్ని కాదు. ఆ వాక్యమే రాకుండా ఆపాలని సైడ్‌బార్ దగ్గర, అంటే జ్యూరీకి వినపడకుండా జడ్జి బల్ల పక్కన, గట్టిగా పట్టుబట్టేవాణ్ని.

ఈ బాధ కొత్తది కాదు. 1933లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు షెపర్డ్ కేసు వచ్చింది. కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీలో సైనిక వైద్యుడు ఆయన. భార్యకు విషం పెట్టి చంపాడని నేరం మోపారు. ఆవిడ మంచం పట్టి ఉన్నప్పుడు నర్సును పిలిచి, బీరువాలోంచి విస్కీ సీసా తెమ్మంది. తాను కుప్పకూలే ముందు తాగింది అందులోదేనని, విషం ఉందేమో పరీక్ష చేయడానికి సరిపడా మిగిలిందా అని అడిగింది. ఆ తర్వాత “డాక్టర్ షెపర్డ్ నాకు విషం పెట్టాడు” అంది. ట్రయల్లో ఆ మాటను మరణ వాంగ్మూలంగా రానిచ్చారు. సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ మాట అన్న రోజుకు ఆవిడ బతుకు మీద ఆశ వదులుకోలేదు. చావు ముంచుకొస్తోందని తెలిసి అన్న మాటే అక్కడ మరణ వాంగ్మూలం అవుతుంది.

అప్పుడు ప్రభుత్వం వాదన మార్చింది. ఆవిడ ఆత్మహత్య చేసుకుందని ముద్దాయి అంటున్నాడు కదా, ఆవిడకు బతకాలనే ఉందని చూపడానికి ఈ మాట పనికొస్తుంది అంది. అంటే, భర్త విషం పెట్టాడా లేదా అన్నది పక్కన పెట్టి, ఆవిడ మనసు ఎలా ఉందో మాత్రమే చూడమంటోంది. సుప్రీంకోర్టు తీర్పు రాసిన జస్టిస్ కార్డోజో దీన్ని ఒప్పుకోలేదు. అంత సన్నని తేడా మామూలు మనుషుల మనసుకు అందేది కాదని, ఆ నింద మోగిన మోతలో చిన్న చప్పుళ్లన్నీ మునిగిపోతాయని ఆయన రాశారు. అది చదివిన ప్రతిసారీ నాకు కురుక్షేత్రంలో మోగిన శంఖమే గుర్తొస్తుంది. “కుంజరః” అన్న మాట ధర్మరాజు అన్నాడు, కాదనలేం. ద్రోణుడికి మాత్రం వినపడలేదు.

ఇక్కడ మన దేశం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మరణ వాంగ్మూలం దగ్గర మన దారి వేరు. 1937లో పూరీలో రైలు పెట్టెలో ఒక ట్రంకు దొరికింది. అందులో ముక్కలు చేసిన శవం. చనిపోయినాయన పిఠాపురం దివాన్ దగ్గర నౌకరుగా ఉండేవాడు. ఇంటి నుంచి బయల్దేరే ముందు భార్యతో, ముద్దాయి ఇంటి నుంచి కబురొచ్చింది, బాకీ తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని చెప్పాడు. పాకాల నారాయణస్వామి కేసు అంటే మన లా కాలేజీల్లో చదవనివాళ్లు ఉండరు. 1939లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసుల చివరి అప్పీళ్లు వినే లండన్‌లోని కోర్టు, ఆ మాట చెల్లుతుందని తేల్చింది. చావుకు దారి తీసిన పరిస్థితుల గురించి చెప్పిన మాటైతే చాలు, చావు భయం అప్పటికి ఉండక్కర్లేదంది. మన చట్టంలో తలుపు అంత వెడల్పు. ఒకసారి లోపలికి వచ్చాక ఆ మాటను నిజానికే వాడతారు, తూచేది జడ్జి. 1959లో, భార్య ప్రియుణ్ని కాల్చి చంపాడన్న నౌకాదళ అధికారి నానావతి కేసులో జ్యూరీ ఎనిమిది మంది నిర్దోషి అంటే ఒక్కరు కాదన్నారు, హైకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ ఊసే లేకుండా పోయింది. రాజమండ్రిలో నేను నేర్చుకున్న పని అంతా ఒక్క మనిషిని ఒప్పించే పని. ఇక్కడ పన్నెండు మంది, చట్టం చదవనివాళ్లు, మీలాంటి మంచివాళ్లు. వాళ్ల చెవిలో పడే ప్రతి మాటకూ కాపలా ఉండాల్సిన పని.

సూచనలను నమ్మడం తప్పని అమెరికా కోర్టు బాహాటంగా ఒప్పుకున్న సందర్భం 1968 నాటి బ్రూటన్ కేసు. పోస్టల్ దోపిడీ. బ్రూటన్, ఎవాన్స్ ఇద్దరినీ కలిపి విచారించారు. ఎవాన్స్ తపాలా ఇన్‌స్పెక్టర్ ముందు “నేనూ బ్రూటనూ చేశాం” అని ఒప్పుకున్నాడు. కోర్టులో మాత్రం బోనెక్కలేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ ఒప్పుకోలు చెప్పాడు. జడ్జి జ్యూరీకి స్పష్టంగా చెప్పారు: ఇది ఎవాన్స్ మీదే సాక్ష్యం, బ్రూటన్ మీద వాడొద్దు. 1957లో డెల్లి పావొలి కేసులో ఇలాంటి సూచన చాలని అదే సుప్రీంకోర్టు అంది. పదకొండేళ్లకు ఆ మాట వెనక్కి తీసుకుంది. సహ ముద్దాయి పేరు పెట్టి వేలు చూపించాక, దాన్ని ఒకరి మీద వాడి ఇంకొకరి మీద వాడకుండా ఉండటం జ్యూరీ వల్ల అయ్యే పని కాదని, సూచన ఎంత స్పష్టంగా ఉన్నా ఆ ప్రమాదం పోదని చెప్పింది.

అక్కడి నుంచి లాగుడు మొదలైంది. పేరు తీసేస్తే? 1987లో రిచర్డ్‌సన్ కేసులో, పేరుతో పాటు అలాంటి మనిషి ఒకరున్నాడన్న ఆనవాలే లేకుండా తీసేస్తే సూచన చాలన్నారు. 1998లో గ్రే కేసులో, పేరు ఉన్న చోట ‘తొలగించబడింది’ అని చదివారు. చదివిన వెంటనే ప్రాసిక్యూటర్ “ఈ సమాచారం వచ్చాకే గ్రేను అరెస్టు చేశారు కదా?” అని డిటెక్టివ్‌ను అడిగాడు. ఖాళీ ఎవరిదో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. సుప్రీంకోర్టు 5-4తో అది చెల్లదంది. 2023లో సామియా కేసులో పేరు బదులు ‘ఇంకో వ్యక్తి’ అని పెట్టారు. 6-3తో, సూచన ఉంది కాబట్టి ఫర్వాలేదన్నారు. నాకు ఈ చివరి తీర్పు నచ్చలేదు. బల్ల దగ్గర ముద్దాయిలు కూర్చుని ఉండగా ‘ఇంకో వ్యక్తి’ ఎవరా అని జ్యూరీ ఆలోచించకుండా ఉంటుందా? కానీ ప్రస్తుతానికి చట్టం అదే, నేను దాని లోపలే వాదించాలి.

ఇదే చోట మన చట్టం నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. అది ఇక్కడ కూడా నాకు పనికొచ్చింది. సహ ముద్దాయి ఒప్పుకోలును ‘పరిగణనలోకి తీసుకోవచ్చు’ అని పాత ఎవిడెన్స్ చట్టం 30వ సెక్షన్ అనేది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ ఏర్పాటు ఉంది. ఎలా పరిగణించాలన్నది 1952లో కాశ్మీరా సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ చెప్పారు. ముందు ఆ ఒప్పుకోలును పూర్తిగా పక్కన పెట్టు. మిగతా సాక్ష్యం మొత్తం తూచు. దాన్ని నమ్మితే దాంతోనే శిక్ష వేయొచ్చా చూడు. వేయగలిగితే ఒప్పుకోలు అవసరమే లేదు. మిగతా సాక్ష్యం సరిపోయేలా ఉండి కూడా మనసు కాస్త తటపటాయిస్తే, అప్పుడు ధీమా కోసం మాత్రమే ఒప్పుకోలు వైపు చూడొచ్చు. అక్కడ మొదలుపెట్టి మిగతాది దానికి అతికించడం కుదరదు. జడ్జిల కోసం చెప్పిన మాట ఇది. అందులోని మొదటి సగాన్ని మాత్రం పన్నెండు మంది మామూలు మనుషులు కూడా చేయగలరని నా నమ్మకం. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

కోర్టులు సూచనను సమర్థించిన కేసుల్లో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునేది 1985 నాటి టెన్నెసీ కేసు. స్ట్రీట్ అనే ముద్దాయి తన ఒప్పుకోలు తనది కాదన్నాడు. షెరీఫ్ సహ ముద్దాయి వాంగ్మూలం చదివి వినిపించి, అదే తన చేత చెప్పించాడన్నాడు. అయితే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి కదా? సహ ముద్దాయి వాంగ్మూలం చదివారు. అందులో లేని వివరాలు స్ట్రీట్ ఒప్పుకోలులో ఉన్నాయి. అది నిజమా కాదా అన్నదానికి వాడొద్దు, పోల్చడానికి మాత్రమే అని జడ్జి చెప్పారు. పోల్చడానికి ఇంకో దారి లేదు. అక్కడ మాటకు వేరే పని నిజంగా ఉంది.

పేరుకే వేరే పని అన్నదాన్ని 2024 జూన్‌లో స్మిత్ కేసులో సుప్రీంకోర్టు పట్టుకుంది. అరిజోనాలో డ్రగ్స్ పరీక్షించిన ల్యాబ్ ఉద్యోగి సాక్ష్యానికి రాలేదు. వేరొకరు వచ్చి ఆమె రాసుకున్న నోట్స్ చూసి తన అభిప్రాయం చెప్పారు. నోట్స్‌లోది నిజమని చెప్పడానికి కాదు, అభిప్రాయానికి ఆధారం చూపడానికే అన్నారు. జస్టిస్ కేగన్ రాసిన తీర్పు సూటిగా ఉంది. ఆ నోట్స్ నిజమైతేనే అభిప్రాయానికి ఆధారం అవుతాయి, కాకపోతే కావు. అంటే అవి నిజానికే వచ్చాయి. మీ కేసులోని ఫోన్‌కు కూడా ఇదే గీటురాయి పెట్టి చూడండి. ఫోన్‌లో చెప్పింది అబద్ధమైనా ఆ మాట ప్రాసిక్యూటర్‌కు అంతే పనికొస్తుందా? పోలీసులు వెళ్లడం వరకు పనికొస్తుంది. ప్రాసిక్యూటర్‌కు అసలు కావాల్సిన చోట పనికిరాదు.

ఇక కోర్టు హాల్లో ఈ సూచన ఎలా వస్తుందో చెబుతాను. ఫెడరల్ కోర్టుల సాక్ష్య నియమాల్లో (ఫెడరల్ రూల్స్) 105వ రూలు ప్రకారం, ఒక పనికి చెల్లి ఇంకో పనికి చెల్లని సాక్ష్యం వచ్చినప్పుడు, లాయర్ సకాలంలో అడిగితే జడ్జి గీత గీసి జ్యూరీకి చెప్పి తీరాలి. చాలా రాష్ట్రాల్లోనూ ఇలాగే ఉంది. అడగాలి అన్నది అందులో ముఖ్యం. అడగకపోతే అప్పీల్లో ఆ వాదన దాదాపు పోయినట్టే. కొందరు లాయర్లు కావాలనే అడగరు. సూచన ఇస్తే జ్యూరీ ఆ మాట మళ్లీ ఇంకోసారి వింటుందని భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ నేను అడుగుతాను, ఎలా అడగాలో ఒక కేసు తర్వాత మార్చుకున్నాను.

అప్పటికి నేను ఇక్కడ కొత్త. సీనియర్ లాయర్ పక్కన రెండో కుర్చీలో ఉన్నాను. సాక్షి రాకూడని వాక్యం అనేశాడు. జ్యూరీ రెండో వరసలో ఒక పెద్దావిడ మోకాలి మీద నోట్‌బుక్ పెట్టుకుని ప్రతిదీ పొందిగ్గా రాసుకుంటోంది. ఆ వాక్యం రాసింది. కింద రెండు గీతలు గీసింది. జడ్జి ఆపి సూచన చదవడం మొదలుపెట్టారు. ఆవిడ పెన్నుకు మూత పెట్టి, తల ఎత్తి, చాలా మర్యాదగా జడ్జి ముఖం చూస్తూ విన్నది. అర నిమిషం. ఒక్క ముక్క రాయలేదు. సూచన అయిపోగానే మూత తీసి మళ్లీ సాక్షి వైపు తిరిగింది. ఆవిడలో ఏ లోపమూ లేదు. జడ్జి మాట్లాడితే శ్రద్ధగా వినాలని పెరిగిన మనిషి. కానీ మూడు రోజుల తర్వాత గదిలో ఆ నోట్‌బుక్ తెరిచినప్పుడు వాక్యం రెండు గీతలతో ఉంటుంది, సూచన ఎక్కడా ఉండదు.

అప్పటి నుంచి నేను మూడు అడుగుతున్నాను. వీలైతే సాక్షి ఆ మాట అనకముందే సూచన ఇవ్వండి. ‘పరిమిత ప్రయోజనం’ లాంటి మాటలు వద్దు, ఏ పనికి వాడొచ్చో, ఏ పనికి వాడకూడదో ఇంటి భాషలో చెప్పండి. చివర్లో జ్యూరీకి ఇచ్చే రాతప్రతిలో మళ్లీ పెట్టండి. ముగింపు వాదనలో ప్రాసిక్యూటర్ ఆ గీత దాటి “ఫోన్ చేసినాయన చెప్పింది చూశారుగా” అంటే వెంటనే లేచి అభ్యంతరం చెబుతాను. సూచన ఇప్పించుకుని దాన్ని వాళ్లే తొక్కేయడం నేను చూసిన తప్పుల్లో పెద్దది.

ఇప్పుడు మీ దిగులు.

దాపరికం లేకుండా చెబుతాను. ఆ గదిలో ఆయన అన్న మాట జడ్జి వద్దన్నదే. ఎవరో ఒకరు “ఆ ఫోన్‌ను దానికి వాడొద్దన్నారు కదా” అనాల్సింది. మీరు అనలేదు. కొత్త దేశం, కొత్త భాషలో చట్టం, చుట్టూ పదకొండు మంది, ఏమనుకుంటారో అన్న టెన్షన్. నాకు అర్థమవుతుంది. కానీ అనాల్సింది.

మీరు అడగని ప్రశ్న కూడా ఒకటి ఉంది. ఇప్పుడు బయటపెడితే తీర్పు మారుతుందా? చాలావరకు మారదు. జ్యూరీ గదిలో ఎవరేం అన్నారు, ఎవరు దేన్ని చూసి నిర్ణయించుకున్నారు అన్నదానిపై జ్యూరర్లు సాక్ష్యం చెప్పడాన్ని అదే ఫెడరల్ రూల్స్‌లోని 606(బి) రూలు అడ్డుకుంటుంది. బయటి సమాచారం లోపలికి వస్తే, బయటివాళ్లు ఒత్తిడి తెస్తే, తీర్పు కాగితంలో పొరపాటు రాస్తే తప్ప. జాతి ద్వేషంతోనే దోషి అంటున్నానని ఒక జ్యూరర్ బయటపడితే ఆ తలుపు తెరవొచ్చని 2017లో పేన్యా-రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మినహాయింపు ఇచ్చింది. సూచనను పక్కన పెట్టడం వీటిలో లేదు. జ్యూరీ సూచన పాటించిందనే చట్టం అనుకుంటుంది. నేను ఇందాక నుంచి సాక్ష్యం లోపలికి రాకముందే ఆపాలని అంతగా చెప్పడానికి ఇదే కారణం. తర్వాత దిద్దుకునే దారి దాదాపు లేదు.

అయితే ఆ ముద్దాయికి దారులన్నీ మూసుకుపోలేదు. ఆయన లాయర్ అభ్యంతరం రికార్డులో ఉంది. ఆ ఫోన్ మాట అసలు రానివ్వడమే తప్పని, ఆ మనిషిని నిలదీసే రాజ్యాంగ హక్కు తన క్లయింట్‌కు పోయిందని అప్పీల్లో వాదించొచ్చు. మిగతా సాక్ష్యం ఎంత బలంగా ఉందో పై కోర్టు చూస్తుంది. ఆ పని లాయర్లది, జడ్జిలది. మీ ఒక్కరి భుజాల మీద వేసుకోకండి.

మీ మనసుకు తెలియాల్సింది మాత్రం మీరే చూసుకోవచ్చు. ఆ కాశ్మీరా సింగ్ పద్ధతి తీసుకోండి. ఫోన్ రానే రాలేదనుకోండి. జేబులో పదకొండు విడి పొట్లాలు. నగదు ఎంత, ఏ నోట్లు? వాడుకునే సామాన్లు ఏమైనా దొరికాయా? తూకం కాటా ఉందా? ఆ ఆఫీసర్ స్వయంగా చూసింది ఏమిటి? ఒక కాగితం మీద ఫోన్ తప్ప మిగిలినవన్నీ రాయండి. వాటితోనే, సందేహం లేకుండా, అమ్మకానికే అని అనగలరా? అనగలిగితే ఆ గదిలో పడిన మాట మీ ఓటును మార్చలేదు. అనలేకపోతే, ఆ సంగతి మీకు తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే మీకు మళ్లీ సమన్లు వస్తాయి. మీ ఇంట్లోవాళ్లకు, మీ ఆఫీసులో మన తెలుగువాళ్లకు కూడా ఇప్పుడు వరసగా వస్తున్నాయి.

వచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. జడ్జి ఏదైనా మాట గురించి సూచన ఇచ్చినప్పుడు, నోట్స్ రాసుకోనిస్తే, ఆ వాక్యం పక్కనే సూచన కూడా రాయండి: ‘పోలీసులు వెళ్లడానికి మాత్రమే’. గదిలో ఎవరైనా ఆ గీత దాటితే వాదనకు దిగక్కర్లేదు. బల్ల మీద కాగితం, పెన్ను ఉంటాయి. ‘ఫోన్‌లో చెప్పిన మాటను అమ్మకానికి సాక్ష్యంగా తీసుకోవచ్చా?’ అని ఒక్క లైను రాసి, ఫోర్‌మన్ (జ్యూరీ పెద్ద) చేత సంతకం పెట్టించి బయట ఉన్న బెయిలిఫ్‌కు (కోర్టు ఉద్యోగికి) ఇవ్వమనండి. ఫోర్‌మన్ ఒప్పుకోకపోతే మీరే సంతకం పెట్టి ఇవ్వొచ్చు. జడ్జి ఇద్దరు లాయర్లకూ ఆ కాగితం చూపించి, వాళ్లు చెప్పేది విని, అవసరమైతే అందరినీ మళ్లీ హాల్లో కూర్చోబెట్టి ఆ సూచన ఇంకోసారి చదివి వినిపిస్తారు. నా ఇరవై ఏళ్లలో అలాంటి చీటీలు నాలుగైదు చూశాను. అది వచ్చిన ప్రతిసారీ, బల్ల దగ్గర నా పక్కన కూర్చున్న మనిషి నా చొక్కా చెయ్యి పట్టుకుని “వాళ్లు నిజంగానే ఆలోచిస్తున్నారా?” అని అడిగాడు.